రంగుటద్దమూ తెల్లని వెలుగూ

ఐరోపా చర్చి కిటికీకి రంగు గాజు అమర్చాలా, తెల్లని గాజు చాలునా అన్నది పైకి అలంకారానికి సంబంధించిన విషయంగా కనిపించినా, దాని అడుగున చాలా పాతదైన ఒక తాత్త్విక ప్రశ్న ఉంది. కంటికి కనిపించే వస్తువు కంటికి అందని దైవాన్ని చేరుకోవడానికి మెట్టు అవుతుందా, అడ్డు అవుతుందా అన్నదే ఆ ప్రశ్న. దాదాపు తొమ్మిది వందల ఏళ్లుగా ఆ కిటికీల విషయంలో అభిరుచి మారిన ప్రతిసారీ ఈ ప్రశ్నకు ఎవరో ఒకరు కొత్త జవాబు చెప్పారు. కొందరు తెలిసి చెప్పారు, మరికొందరు తాము ఒక ప్రశ్నకు జవాబు చెబుతున్నామన్న ఎరుక లేకుండానే చెప్పారు. ఈ చరిత్రలో ఎక్కువ బాధ కలిగించేది ఆ రెండో రకం జవాబే.

12వ శతాబ్దపు తొలినాళ్లలో థియోఫిలస్ అనే పేరుతో ఒక సన్యాసి రాసిన చేతిపనుల గ్రంథం గాజు తయారీని వివరంగా చెబుతుంది. బీచ్ చెట్టు బూడిదను ఇసుకతో కలిపి కొలిమిలో కరిగిస్తారు. ఆ ద్రవంలో కోబాల్ట్ చేరితే నీలం, రాగి చేరితే ఎరుపు వస్తాయి. చల్లారిన పలకలను ముక్కలుగా కోసి, ముఖకవళికలనూ వస్త్రాల మడతలనూ లోహపు పొడి, గాజు పొడి కలిపిన ముదురు పూతతో గీసి, బట్టీలో మళ్లీ కాల్చి, చివరకు సీసపు బద్దలతో ఒకదానికొకటి కూరుస్తారు. ఇక్కడ గుర్తుంచుకోవలసిన సంగతి ఒకటి ఉంది: రంగు గాజు వెలుగుకు రంగును చేర్చదు, మిగిలిన రంగులను తనలోనే పీల్చుకుని ఒక్కదాన్ని మాత్రం లోపలికి వదులుతుంది. కాబట్టి కిటికీలో రంగు చిక్కబడిన కొద్దీ ఆలయంలో వెలుతురు తగ్గుతుంది. కాంతిని దైవానికి ప్రతీకగా ఆరాధించినవారు కట్టిన చర్చిలే లోపల అంత మసకగా ఉండటానికి కారణం ఇదే.

ఆ ఆరాధనకు రూపమిచ్చినవారిలో ముఖ్యుడు పారిస్ సమీపంలోని సెయింట్ డెనీ మఠానికి 1122 నుంచి 1151 వరకు అధిపతిగా ఉన్న సూజే. ఆయన పునర్నిర్మించిన గర్భాలయ భాగానికి 1144 జూన్ 11న ప్రతిష్ఠ జరిగింది. దాని చుట్టూ అమర్చిన రంగు కిటికీల గురించీ, వాటికి అయిన భారీ ఖర్చు గురించీ, వాటి సంరక్షణకు ప్రత్యేకంగా ఒక నిపుణుణ్ణి నియమించడం గురించీ ఆయన తన రచనల్లో ఏ సంకోచమూ లేకుండా చెప్పుకున్నాడు. మందమైన మానవ మనస్సు పదార్థాన్ని పట్టుకునే సత్యం వైపు లేస్తుందన్నది ఆయన వాదం. క్రైస్తవ వేదాంతంలో దీనిని అనగోగీ అంటారు, అంటే కనిపించేదాని సాయంతో కనిపించనిదాని వైపు మనస్సు పైకెక్కడం. ఈ భావనకు మూలం ఏథెన్సు వాసి డయొనీసియస్ పేరుతో వెలువడిన గ్రీకు గ్రంథాలు. 827లో బైజాంటియం చక్రవర్తి ఫ్రాంకుల రాజుకు కానుకగా పంపిన వాటి రాతప్రతి ఈ మఠంలోనే భద్రంగా ఉండేది. మఠం వారు ఆ గ్రంథకర్తా, తమ మఠానికి పేరిచ్చిన అమరవీరుడు డెనీ ఒక్కరేనని నమ్మారు. సూజే నిజంగా ఆ గ్రంథాలనుంచే ప్రేరణ పొందాడా అన్న విషయంలో పండితుల మధ్య భేదాభిప్రాయం ఉన్నా, ఆయన భాష ఆ సంప్రదాయంలోనిదే అనడానికి అభ్యంతరం ఉండనక్కరలేదు.

అయితే అదే డయొనీసియస్ గ్రంథాలలో సూజేకు అంతగా అనుకూలించని ఒక వాక్యసరణి కూడా ఉంది. దైవాన్ని గురించి చెప్పేటప్పుడు బంగారం, వెలుగు వంటి ఉదాత్తమైన ఉపమానాల కంటే హీనమైన ఉపమానాలే క్షేమమని ఆ రచయిత అంటాడు. హీనమైనదాన్ని చూసి ఎవరూ ఇదే దైవమని పొరబడరు, ఉజ్జ్వలమైనదాన్ని చూస్తే పొరబడే ప్రమాదం ఉంది. అంతేకాక ఆయన దృష్టిలో ఆఖరి మెట్టు వెలుగు కాదు, అన్ని రూపాలూ అన్ని పేర్లూ వెనుకబడిపోయే దివ్యాంధకారం. తెలుగు పాఠకునికి ఈ సరణి అపరిచితం కాదు. అద్వైత గ్రంథాల్లో మందారపువ్వు పక్కన ఉంచిన స్ఫటికం ఎర్రగా కనిపించడం ప్రసిద్ధమైన దృష్టాంతం. ఆ ఎరుపు స్ఫటికానిది కాదు, పక్కనున్న ఉపాధి వల్ల, అంటే సన్నిధి మాత్రం చేత తన గుణాన్ని ఆరోపించే వస్తువు వల్ల కలిగినది. ముందు ఆరోపించి, బోధ కుదిరాక ఆ ఆరోపాన్ని తొలగించే పద్ధతికి అధ్యారోపాపవాదమని పేరు. సూజే కిటికీ ఆరోపం దగ్గర నిలిచిపోయిందా, తొలగించుకునే దారి కూడా చూపిందా అన్నదే అతని కాలపువారినీ తరువాతివారినీ కలవరపెట్టిన విషయం.

సూజే సమకాలికుడు, సిస్టర్షియన్ సన్యాసి సంఘానికి చెందిన బెర్నార్డ్ అనే మఠాధిపతి ఈ కలవరాన్ని అందరికంటే తీవ్రంగా పలికాడు. సూజే కిటికీలకు ముందే, 1125 ప్రాంతంలో రాసిన లేఖారూప గ్రంథంలో ఆయన చర్చిల ఎత్తునూ, విలాసవంతమైన అలంకారాలనూ, మఠపు వరండాల్లో చెక్కిన వింత జంతువులనూ నిలదీశాడు. ఆయన అడిగినదాంట్లో రెండు వేర్వేరు అభ్యంతరాలు కలిసి ఉన్నాయి. ధ్యానానికి కూర్చున్న సన్యాసి చూపు రాతిబొమ్మల మీద తిరుగుతుందన్నది మొదటిది. గోడలు బంగారం తొడుక్కుంటుండగా పేదవాడు బట్టలేక నిలబడి ఉన్నాడన్నది రెండోది. మొదటి అభ్యంతరానికి సూజే సంప్రదాయం నుంచి ఏదో ఒక జవాబు చెప్పవచ్చు, రెండో అభ్యంతరానికి ఈనాటికీ తృప్తికరమైన జవాబు లేదు. 12వ శతాబ్దంలోనే సిస్టర్షియన్ సంఘం తన చర్చి కిటికీలు తెల్లగా, సిలువలూ బొమ్మలూ లేకుండా ఉండాలని నియమం చేసుకుంది. కానీ ఆ నియమం అందాన్ని బహిష్కరించలేకపోయింది. ఫ్రాన్సులోని ఒబజీన్ మఠంలో సీసపు బద్దలనే అల్లికలుగా తిప్పి, రంగులేని గాజుతో కూర్చిన కిటికీలు అపురూపమైన పనితనంతో ఉంటాయి. చూపును కట్టడి చేయడానికి పుట్టిన నియమం చూపు నిలిచే మరో కళను పుట్టించింది. బెర్నార్డ్ ఓడిపోయాడని దీని అర్థం కాదు; మనిషి చేయి దైవం కోసం చేసే పనిలో శ్రద్ధను మానుకోలేదని మాత్రమే అర్థం.

తరువాతి శతాబ్దాలలో అభిరుచి ఏ వివాదమూ లేకుండానే వెలుతురు వైపు జరిగింది. రంగు బొమ్మల పట్టీకి పైనా కిందా తెల్లని గాజు ఉంచడం 13వ శతాబ్దపు ద్వితీయార్ధంలో వ్యాపించింది. 1300 ప్రాంతంలో వెండి సమ్మేళనాన్ని పూసి కాల్చి తెల్లని గాజు మీదనే పసుపు తెప్పించే ఉపాయం దొరికాక సీసపు బద్దల అవసరం తగ్గి కిటికీలు తేలికపడ్డాయి.

16వ శతాబ్దపు ప్రొటెస్టెంట్ సంస్కరణ ఈ ప్రశ్నను మళ్లీ వీధిలోకి తెచ్చింది. విగ్రహాలను తొలగించి గోడలకు సున్నం కొట్టించిన జూరిక్ సంస్కర్త జ్వింగ్లీ కిటికీల్లోని బొమ్మలను మాత్రం అంత ప్రమాదంగా భావించలేదు, ఎందుకంటే కిటికీకి ఎవరూ మొక్కరు. ఇంగ్లండులో అంత తర్కం నడవలేదు. ఆరో ఎడ్వర్డ్ రాజు కాలపు 1547 నాటి తొలగింపు ఆజ్ఞల్లో గాజు మీది బొమ్మలు కూడా చేరాయి. అయినా చాలా కిటికీలు బతికిపోయాయి, వాటిని పగలగొట్టాక చలిగాలిని ఆపడానికి కొత్త గాజు కొనే స్తోమత ఊళ్లకు లేకపోవడం అందుకు ఒక కారణం. 1643–44లో విలియం డౌసింగ్ అనే అధికారి తూర్పు జిల్లాల చర్చిల్లో తిరుగుతూ తాను ధ్వంసం చేయించిన వాటిని దినచర్యలో నమోదు చేశాడు. ఆ ధ్వంసం ఎంత దుఃఖకరమైనా, అది బొమ్మకు శక్తి ఉందని నమ్మినవారి పని. లూథరన్ వేదాంతులు అడియాఫొరా అనే మాటను వాడతారు, దైవం విధించనూ లేదు నిషేధించనూ లేదు అనదగిన తటస్థ విషయాలని దాని అర్థం. డౌసింగ్ దృష్టిలో రంగుటద్దం తటస్థ విషయం కాదు, సూజే దృష్టిలోనూ కాదు. ఆ ఒక్క విషయంలో ఆ ఇద్దరూ ఒకే వైపు నిలుస్తారు.

18వ శతాబ్దంలో పారిస్ నోత్రదామ్ చర్చిలో జరిగినది దీనికి పూర్తిగా భిన్నం. అక్కడి మతగురువులు బొమ్మల శత్రువులు కారు, విశ్వాసం మారినవారు కారు. లోపల చీకటిగా ఉందనీ, పాత గాజు మొరటుగా ఉందనీ, నిర్మలమైన వెలుతురే మర్యాదకరమనీ ఆ కాలపు అభిరుచి వారికి చెప్పింది. అచ్చుపుస్తకం చేతబట్టి ప్రార్థన చదువుకునే కాలం కూడా వచ్చింది. 1741 నుంచి పదిహేనేళ్ల లోపల, గులాబీపువ్వు ఆకృతిలో ఉన్న మూడు గుండ్రని కిటికీలు మినహా మధ్యయుగపు గాజులో అధికభాగాన్ని తీసివేసి తెల్లని గాజు అమర్చారు. ఆ పని చేసిన గాజు నిపుణుడు పియెర్ ల వియేయ్. అతనే ఆ తీసివేతకు ముందు కిటికీల్లో ఏముందో గమనించి, గాజు మీద చిత్రించే కళ గురించి పెద్ద గ్రంథం రాశాడు, అది అతని మరణానంతరం 1774లో వెలువడింది. నోత్రదామ్ పోగొట్టుకున్న గాజు గురించి నేడు తెలిసినదానిలో కొంత భాగం దానిని తొలగించిన చేతి రాతే. షార్త్ర చర్చిలోనూ అదే శతాబ్దంలో గర్భాలయంలో కొత్త పాలరాతి శిల్పానికి వెలుతురు కావాలని కొన్ని కిటికీలను బలిచేశారు. జీర్ణోద్ధరణ పేరుతో రాతి స్తంభాల మీద ఎనామిల్ రంగులు పూసిన గుడులను చూసిన తెలుగువారికి ఈ మనస్తత్వం వేరుగా వివరించనక్కరలేదు. అందులో ద్వేషం లేదు, భక్తికి లోటు లేదు. తన కాలపు ఇష్టమే దేవుని ఇష్టమన్న నిశ్చింత మాత్రం ఉంది. పగలగొట్టినవాడితో వాదించవచ్చు, ఈ నిశ్చింతతో వాదించడానికి పట్టే దొరకదు.

19వ శతాబ్దం పోయినదాన్ని తిరిగి తేవాలని తపించింది. ఇంగ్లండులో చార్లెస్ విన్‌స్టన్ అనే న్యాయవాది పాత గాజు శైలులను పరిశీలించి 1847లో గ్రంథం ప్రకటించాడు, పాత ముక్కలకు రసాయన పరీక్షలు చేయించి ఆ నాణ్యతగల గాజును మళ్లీ తయారు చేయించడానికి పూనుకున్నాడు. 1861లో అలంకార కళల సంస్థ పెట్టిన విలియం మోరిస్ వందలాది చర్చి కిటికీలు చేయించి కూడా, 1877లో పురాతన కట్టడాల రక్షణ సంఘం స్థాపించాక, జీర్ణోద్ధరణ పేరుతో మార్పులకు గురవుతున్న పాత చర్చిలకు కొత్త కిటికీలు ఇవ్వడం మానేశాడు. వ్యాపారాన్ని నష్టపరచుకున్న ఆ సంయమనం ఈ మొత్తం చరిత్రలో మెచ్చదగిన ఘట్టం. అమెరికాలో లా ఫార్జ్, టిఫనీ అనే కళాకారులు 1880 ప్రాంతం నుంచి పాలవన్నె గాజుతో చాలావరకు పూతలేని చిత్రాలు కూర్చి ఒక తరాన్ని మురిపించారు. తరువాతి తరంలో రాల్ఫ్ ఆడమ్స్ క్రామ్ వంటి వాస్తుశిల్పులు ఆ గాజు వెలుగును రానివ్వక తానే చిత్రమై కూర్చుంటుందని తిరస్కరించారు. టిఫనీ సంస్థ 1932లో దివాలా తీసింది, కొన్ని దశాబ్దాలకే ఆ గాజును ప్రదర్శనశాలలు మళ్లీ గౌరవంగా సేకరించాయి.

20వ శతాబ్దపు ద్వితీయార్ధంలో బొమ్మే కిటికీలోంచి తప్పుకోవడం మొదలైంది. 1951లో ప్రతిష్ఠ జరిగిన, ఫ్రాన్సులోని వాన్స్ ప్రార్థనాలయంలో చిత్రకారుడు మతీస్ పసుపు, పచ్చ, నీలం అనే మూడు రంగుల ఆకులతోనే సరిపెట్టాడు. అక్కడే కాంక్ మఠపు చర్చికి చిత్రకారుడు సూలాజ్ 1994 నాటికి పూర్తిచేసిన 104 కిటికీలలో రంగు కూడా లేదు, వెలుగును మృదువుగా వెదజల్లే ప్రత్యేకమైన గాజూ నల్లని వంపు గీతలూ మాత్రమే ఉన్నాయి. బెర్నార్డ్ ఆ కిటికీలను అంగీకరించేవాడని ఊహించడం అసంగతం కాదు. 2007లో చిత్రకారుడు గెర్హార్డ్ రిక్టర్ కొలోన్ కెథెడ్రల్‌కు 72 రంగుల్లో 11,263 గాజు చతురస్రాలను యాదృచ్ఛిక క్రమంలో అమర్చినప్పుడు, అక్కడి కార్డినల్ మైస్నర్ అది మసీదుకు తగినదని విమర్శించాడు. ఆ విమర్శలో తొందరపాటు ఉన్నా, కథ లేని రంగు ఎవరి దైవాన్ని చూపుతుందన్న ప్రశ్న మాత్రం తేలికైనది కాదు. నోత్రదామ్‌లోనైతే చక్రం మళ్లీ తిరిగింది. 19వ శతాబ్దంలో వాస్తుశిల్పి వియొలే ల డ్యూక్ దక్షిణపు పక్క ప్రార్థనాలయాలకు చేయించిన కిటికీలు 2019 అగ్నిప్రమాదంలో చెక్కుచెదరకపోయినా, వాటిలో ఆరింటి స్థానంలో ఈనాటి చిత్రకారిణి క్లేర్ తబూరే కిటికీలు పెట్టాలని 2024లో నిర్ణయించారు. వారసత్వ పరిరక్షకులు దానిని గట్టిగా వ్యతిరేకించారు. ఈసారి వాదించడానికి ఇరుపక్షాలూ ఉండటం 1741 నాటి నిశ్చింతకంటే మేలైన స్థితి.

తెలుగునేలకు ఈ గాజు ప్రధానంగా మిషనరీల వెంట వచ్చింది. ఛార్లెస్ వాకర్ పాస్నెట్ కట్టించిన మెదక్ చర్చిని 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠించారు. యేసు జననం, సిలువ, ఆరోహణం చిత్రించిన మూడు పెద్ద కిటికీలను ఫ్రాంక్ సాలిస్‌బరీ అనే ఆంగ్ల చిత్రకారుడు రూపొందించాడు. ఐరోపాలో బొమ్మ కరిగిపోబోతున్న రోజుల్లో మెదక్‌కు చేరినది చిత్రపటం వలె స్పష్టమైన, కథ చెప్పే బొమ్మ. కరువు రోజుల్లో చుట్టుపక్కల జనానికి పని చూపి కూలి ఇవ్వడానికే ఈ కట్టడం మొదలైందని స్థానికంగా చెప్పుకుంటారు. పేదవాడి సంగతేమిటని బెర్నార్డ్ వేసిన ప్రశ్నను ఆ మాట మరో దిక్కునుంచి తాకుతుంది. క్రిస్మస్ నాడు అక్కడ ఆరాధన తెల్లవారకముందే మొదలవుతుంది. వేలమంది పాడుతున్న ఆ వేళ మూడు కిటికీలూ నల్లని పలకల్లా ఉంటాయి, వాటిలో ఏ కథా కనిపించదు. పాట సాగుతుండగా బయట వెలుతురు పొడసూపి, ముందు సీసపు గీతలు, ఆపైన నీలం, ఆ తరువాతే ముఖాలు తేలుతాయి.