పసివాడే కర్త

తొమ్మిది నెలలు దాటినా బిడ్డ కూర్చోకపోతే కృష్ణా డెల్టా ఇళ్లలో తరచుగా వినబడే మాట, ‘ఏ జన్మలో చేసుకున్న కర్మో!’ ఆ వెంటే ఇంద్రకీలాద్రి అమ్మవారికి ఒక మొక్కు, మతంతో పనిలేకుండా గుణదల మాతకు ఇంకొకటి. మొక్కులతో నాకు పేచీ లేదు. పేచీ అంతా ఆ మొదటి మాటతోనే. అది కారణం చెప్పినట్టే ఉంటుంది కానీ ఏమీ చెప్పదు. పైగా తల్లిని దోషిని చేసి కూర్చోబెడుతుంది, చెయ్యాల్సిన పనిని వాయిదా వేయిస్తుంది.

నిజానికి ఈ మాటకు శాస్త్రాల అండ కూడా మనం అనుకున్నంత లేదు. ఘంటసాల, భట్టిప్రోలు బౌద్ధ స్తూపాలు వెలిసిన నేల ఇది. అనుభవించేదంతా పూర్వకర్మ ఫలమేనా అని శివకుడనే పరివ్రాజకుడు అడిగినప్పుడు బుద్ధుడు కాదన్నాడు. పిత్తం, శ్లేష్మం, వాతం, ఋతువుల మార్పు అంటూ ఎనిమిది కారణాలు చెప్పి, కర్మను వాటిలో ఒకటిగా చివరన ఉంచాడు. సంయుత్త నికాయలో ఉందీ సంభాషణ. పుట్టుగుడ్డివాణ్ణి చూసి ఇది ఎవరి పాపమని శిష్యులు అడిగితే, అతనిదీ కాదు, కన్నవాళ్లదీ కాదన్నాడు యేసు. కర్మను పూర్తిగా నమ్మే యోగవాసిష్ఠం సైతం దైవమంటే నిన్నటి పౌరుషమే, అంటే మనిషి ప్రయత్నమేననీ, నేటి పౌరుషం దాన్ని గెలవగలదనీ వాదిస్తుంది. ఇక బిడ్డ ఇలా కూర్చోలేకపోవడం వెనుక ఉండగల సెరిబ్రల్ పాల్సీకి, అంటే మెదడుకు తగిలిన దెబ్బ వల్ల కదలికలు కుంటుపడే స్థితికి, వైద్యులు చూపే కారణాలు నెలలు నిండక పుట్టడం, కాన్పులో ఊపిరి అందకపోవడం, ముదిరిన పచ్చకామెర్లు వంటివి. వీటిలో చాలావాటిని మంచి కాన్పుతో, సకాలంలో వైద్యంతో తగ్గించవచ్చు.

అయితే పౌరుషం ఎవరిది? ఇక్కడే చికిత్సా శాస్త్రం తత్త్వవేత్తలకు పనికొచ్చే ఆధారం ఇస్తోంది. ఆస్ట్రేలియాకు చెందిన అయోనా నోవాక్ బృందం 2013లో సెరిబ్రల్ పాల్సీ చికిత్సలపై వచ్చిన పరిశోధనలను జల్లెడపట్టింది. పిల్లల కాళ్లూ చేతులూ వేరొకరు కదిలించే పద్ధతులకు బలమైన ఆధారం దొరకలేదు. ఒక లక్ష్యం పెట్టుకుని బిడ్డే స్వయంగా చేసే సాధన, రెండు చేతులూ కలిపి వాడించే శిక్షణ, ఇంటి దగ్గర చేయించే అభ్యాసం ఫలిస్తున్నాయని తేలింది. ఇలాంటి సాధనలో, ఎడమచెయ్యి బిగుసుకున్న పాప ఆ చెయ్యే వాడేలా కుడిచేతికి తొడుగు వేసి, ముందు గిన్నెలో మరమరాలు పెడతారు. బొటనవేలు అరచేతిలో ముడుచుకునే ఉంటుంది. పిడికిలి విప్పాలి, గింజ పట్టాలి, జారితే మళ్లీ పట్టాలి. పక్కనున్న థెరపిస్టు గిన్నెను దగ్గరకు జరుపుతుంది గానీ మరమరాలు తీసి నోట్లో పెట్టదు. కూచిపూడి గురువు తాళం వేస్తాడు, అడుగు వెయ్యాల్సింది మాత్రం శిష్యుడే. కర్మఫలం అనుభవించే వస్తువుగా మనం చూసే బిడ్డ, ఆ గిన్నె ముందు కర్త అవుతోంది.

‘ఏళ్ల తరబడి చేయించినా నడవని పిల్లలున్నారు కదా, ఆ శ్రమంతా వృథాయేనా?’ అని అడగవచ్చు. గట్టి ప్రశ్నే. మెదడుకు తగిలిన దెబ్బను ఏ థెరపీ చెరిపెయ్యలేదు, చెరిపేస్తామని ఎవరైనా డబ్బు అడిగితే నమ్మకండి. కానీ వంకర సరిచెయ్యడమే లక్ష్యమని ఎవరన్నారు? అష్టావక్రుడు జనకుని సభలో వంది అనే పండితుణ్ణి వాదంలో ఓడించింది ఒంట్లోని ఎనిమిది వంకరలతోనే. సమంగ అనే నదిలో మునిగి ఒళ్లు సాపుచేసుకున్నది ఆ తర్వాతే. తన చేత్తో అన్నం తినడం, చొక్కా గుండీ పెట్టుకోవడం, బడి బల్ల మీద ఒరిగిపోకుండా కూర్చోవడం, ఇవి చక్రాల కుర్చీలో ఉన్న బిడ్డకూ దక్కే ఫలాలే. ఆక్యుపేషనల్ థెరపీ పని ప్రధానంగా ఇదే. ఏడుస్తున్న పిల్లలతో బలవంతంగా చేయించడం హింస కాదా అనే అభ్యంతరం కూడా న్యాయమైనదే. బిడ్డకు ఇష్టమైన ఆటలోంచి పుట్టని వ్యాయామం ఎక్కువకాలం నిలవదు కూడా. దివిసీమ నుంచి విజయవాడకు బస్సులో బిడ్డను మోసుకొచ్చే తల్లి భారం మాత్రం వాదనతో తీరదు. దాన్ని ఇంట్లో తండ్రీ, ఊళ్లో ప్రభుత్వమూ పంచుకోవాలి.

2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద పుట్టుక నుంచి 18 ఏళ్ల దాకా పిల్లలకు ఉచితంగా పరీక్షలు చేస్తారు. ప్రత్యేక అవసరాలున్న బడి ఈడు పిల్లలకు భవిత కేంద్రాలున్నాయి. నాలుగు నెలలకు మెడ నిలవకపోయినా, తొమ్మిది నెలలకు కూర్చోకపోయినా, ఏడాది లోపే ఒక చేత్తోనే అన్నీ అందుకుంటున్నా మొక్కు మొక్కుకోండి. అదే వారంలో పిల్లల డాక్టరుకు కూడా చూపించండి.