పెరుగు మీది తేట

పొద్దున్నే పెరుగు గిన్నె మూత తీస్తే, రాత్రి గరిటె దించిన గుంటలో కాస్త నీరు ఊరి ఉంటుంది. దాన్ని తెల్లటి గిన్నెలోకి వంచి చూడండి. లేత పసుపు, అందులో కొద్దిగా ఆకుపచ్చ ఛాయ. ఆ రంగు రైబోఫ్లేవిన్‌ది, అంటే బి2 విటమిన్‌ది. 1933లో శాస్త్రవేత్తలు దీన్ని గుడ్డు తెల్లసొన నుంచీ, పాల విరుగుడు నీటి నుంచీ వేరు చేశారు.

తిన్న అన్నం ఒంట్లో శక్తిగా మారాలంటే ఇది ఉండాలి. కావలసింది మిల్లీగ్రాముల్లోనే. కానీ ఒళ్లు దీన్ని పెద్దగా దాచుకోలేదు, ఏ రోజుది ఆ రోజు అందాల్సిందే. తగ్గితే నోటి మూలలు పగులుతాయి, నాలుక ఎర్రబడి మండుతుంది. మాకు చిన్నప్పుడు నోరు పూస్తే అమ్మమ్మ "వేడి చేసిందిరా" అంటూ గ్లాసుల కొద్దీ మజ్జిగ తాగించేది. విటమిన్ పేరు ఆమెకు తెలియదు, చేసిన వైద్యం మాత్రం మంచిదే.

దీనికి వెలుతురు పడదు. గాజు సీసాలో పాలు ఎండలో ఉంచితే కొద్ది గంటల్లోనే చాలావరకు నశిస్తుంది. పప్పు త్వరగా ఉడకాలని వేసే వంట సోడా కూడా దీన్ని పాడుచేస్తుంది. గుడ్లు, తోటకూర, మునగాకుల్లోనూ ఇది దొరుకుతుంది.

ఇంట్లో పాడి ఉండి కూడా, పాలన్నీ కేంద్రానికి పోసి పిల్లల చేతికి డికాషన్ టీ ఇస్తుంటే నా మనసు కలుక్కుమంటుంది. ఒక్క గ్లాసు వాళ్లకి ఉంచండి. ఆ పెరుగు తేటను కూడా పారబోయకండి, మజ్జిగలో కలిపేయండి.