చలిదినమున వేసిన మంట

(అపొస్తలుల కార్యములు 28:1-6 చదువుడి)



మంచు మన నెక్కొండలో పడదు. ఎండలకు పేరుపొందిన అమెరికాలోని టెక్సాసులోను అరుదే. మన తెలుగువారనేకులు కాపురమున్న ఆ రాష్ట్రమున 2021 ఫిబ్రవరిలో మంచుతుపాను వచ్చెను. వేడికి తగినట్లు కట్టిన ఇండ్లు చలికి ఆగలేదు. 40 లక్షలకు పైగా ఇండ్లకు కరెంటు పోయెను, నీటిగొట్టములు పగిలెను, 246 మంది మరణించిరని ప్రభుత్వమే లెక్క తేల్చెను. అప్పుడు హ్యూస్టనులో మంచములమ్ము ఒక వర్తకుడు దుకాణపు తలుపులు తెరచి, చలికి వణకువారిని అమ్మకపు పరుపులమీదనే పండుకొననిచ్చెను.

మెలితే ద్వీపవాసులును ఇట్లే చేసిరి. ఓడ పగిలి 276 మంది తడిసి ఒడ్డు చేరగా, ఖైదీయని సైనికుడని భేదము చూపక అందరికి మంట వేసిరి. పౌలు ఊరక కూర్చుండక తానును పుల్లలేరెను. అయితే పాము పట్టగానే వారే అతనిని నరహంతకుడనిరి. శ్రమపడువానిని చూచి, "ఏ పాపము చేసెనో" అనుట మనకును అలవాటే!

మనకు మంచు లేదు గాని వడగండ్లున్నవి. 2022 జనవరిలో మన వరంగల్లు జిల్లాలో కోతకు వచ్చిన మిర్చి వాటి దెబ్బకు నేలరాలెను. అట్టి దినమున కౌలుదారునికి పంట పోవును. అప్పు నిలుచును, కౌలు బాకీయు నిలుచును. పట్టాదారుడవైన సహోదరుడా, నీవును అతడును ప్రభువు బల్లలో ఒకే రొట్టె తినుచున్నారు. అతనికొరకు ప్రార్థించుట మంచిదే. ఆ యేటి కౌలు విడుచుటయే మంట వేయుట. కౌలుదారుడా, నీవును పౌలువలె పుల్లలేరుము. ఇద్దరును ఒక్క మంటయొద్ద చలి కాగుదురు గాక.

ప్రభువు మనకట్టి మనస్సు ననుగ్రహించును గాక. ఆమేన్.