గుండె దడ అవిశ్వాసమా?

"ఫాదర్ గారూ, ప్రార్థన చేసుకుంటూనే ఉన్నాను, అయినా గుండె దడ తగ్గటం లేదు. నా విశ్వాసంలోనే ఏదో లోపం ఉందంటారా?"

గుడి ఆవరణలోనో, ఇళ్ళు దర్శించేటప్పుడో ఈ ప్రశ్న తరచుగా నా చెవిన పడుతుంది. అడిగేవారు ఎక్కువగా నలభై దాటినవారు. డాక్టరు గారికి చూపించుకున్నారు. ఇ.సి.జి. తీసి గుండె బాగానే ఉందన్నారు. తరువాత గొంతులోంచి గొట్టం వేసి చూసి, హయాటస్ హెర్నియా అన్నారు, ప్రాణభయం లేదన్నారు, మాత్రలు రాశారు. ఇంటికి వచ్చాక మాత్రం బంధువులో, ఇరుగుపొరుగువారో ఎవరో ఒకరు "దేవుని మీద భారం వేసినవారికి దడ ఎందుకు?" అంటారు. జబ్బుకంటే ఆ మాట ఎక్కువ బాధపెడుతుంది. డాక్టరు ఏమీ లేదన్నాడు, దడ మాత్రం ఉంది. అంటే లోపం తన ఆత్మలోనే ఉందన్నమాట అని ఆ మనిషి కుమిలిపోతాడు.

ప్రియ పాఠకులారా, ఇది వైద్యునికి వదిలేయవలసిన ప్రశ్న కాదు. తన ఇష్టంతో జరగని దానికి మనిషి దేవుని ముందు దోషి అవుతాడా అన్నది ఇందులో అసలు విషయం.

ముందు ఒంట్లో జరిగేదేమిటో చూద్దాం. ఛాతీకీ, పొట్టకూ మధ్య అడ్డుగోడలాగా డయాఫ్రం అనే కండరం ఉంటుంది. అన్నవాహిక ఆ గోడలోని ఒక రంధ్రం గుండా కిందికి దిగి జీర్ణకోశాన్ని కలుస్తుంది. హయాటస్ అంటే లాటిన్ భాషలో సందు అని అర్థం. వయసు మీరటం, ఒళ్ళు పెరగటం వంటి కారణాలతో ఆ సందు వదులైతే జీర్ణకోశం పైభాగం కొంత ఛాతీలోకి జారుతుంది. ఎక్కువమందిలో అది పైకీ కిందికీ జారుతూ ఉండే రకమే. యాభై దాటినవారిలో ఇది చాలా సామాన్యం. అది తమకు ఉన్నట్టు కూడా చాలామందికి తెలియదు. తెలిసేది ఛాతీలో మంట, పుల్లని త్రేన్పులు, వంగినప్పుడు గొంతులోకి పులుపు ఎగదన్నటం వంటివాటితో.

ఇక గుండె. దాని ఎడమ కర్ణిక సరిగ్గా అన్నవాహికకు ముందు ఆనుకొని ఉంటుంది. మెదడు నుంచి దిగే వేగస్ అనే నాడి గుండెకూ, జీర్ణకోశానికీ కూడా కొమ్మలు పంపుతుంది. ఒకే స్తంభం నుంచి రెండిళ్ళకు కరెంటు తీగలు లాగినట్లన్నమాట. కడుపు నిండుగా తిని పడుకున్నప్పుడు, పొట్ట ఉబ్బరించినప్పుడు కొందరికి గుండెలో ఒక దెబ్బ ముందుగా పడుతుంది. ఆపైన ఒక క్షణం ఆగినట్లనిపించి, తరువాతి దెబ్బ బలంగా కొడుతుంది. కడుపుకూ గుండెకూ మధ్య ఉన్న ఈ సంబంధాన్ని జర్మన్ వైద్యుడు లుడ్విగ్ రోమ్‌హెల్డ్ 20వ శతాబ్దం ఆరంభంలోనే వర్ణించాడు. హెర్నియా ఉన్న ప్రతివారికీ దడ వస్తుందని గాని, ప్రతి దడకూ హెర్నియాయే కారణమని గాని దీని అర్థం కాదు.

ఈ రెండూ నా ఒంట్లోనూ ఉన్నాయి గనుక ఒక సంగతి చెప్పగలను. రాత్రి రెండు గంటలకు గుండె ఒక అడుగు తప్పినట్లు అయినప్పుడు, భయం దాని వెనుక వస్తుంది. భయపడినందువల్ల గుండె అదరలేదు. ముందు గుండె అదిరింది, తరువాత భయం వచ్చింది, ఆ భయం వల్ల గుండె ఇంకా వేగంగా కొట్టుకుంది. ఈ వరుస తెలియకపోవటం వల్లనే మనం ఇతరులకు తప్పుడు తీర్పులు చెబుతున్నాం.

పునీత తోమాసు అక్వినాసు గారు 13వ శతాబ్దంలో ఫిలిప్ అనే వైద్య పండితుని కోసం గుండె కదలిక గురించి ఒక చిన్న గ్రంథం రాశారు. చేయి ఎత్తాలనుకుంటే ఎత్తుతాం, కాలు కదపాలనుకుంటే కదుపుతాం. గుండెను మాత్రం కొట్టుకోమనీ, ఆగమనీ ఆజ్ఞాపించలేం. దాని కదలిక స్వభావసిద్ధమైనదే గాని మన సంకల్పంతో కలిగేది కాదని ఆయన తేల్చారు. అయితే అదే గ్రంథంలో మరొక మాట కూడా ఉంది. మనోవికారాలు గుండెలో మార్పులు కలిగిస్తాయే గాని, గుండెలోని మార్పులు మనోవికారాలను పుట్టించవట. ఇక్కడ ఆ మహనీయునితో చిన్న పేచీ పెట్టుకోక తప్పదు. ఆయన భారీకాయులని చెబుతారు. ఏ రాత్రయినా భోజనం చేసిన వెంటనే పడుకొని ఉంటే ఆ వాక్యాన్ని కొంచెం సవరించేవారేమో! ఏమైనా ఆయన మూలసూత్రం చెక్కుచెదరలేదు. పైగా బలపడింది. దడ మొదలైన చోటు మన సంకల్పానికి అంత దూరాన, జీర్ణకోశంలో ఉన్నప్పుడు, దాన్ని పాపమనీ అవిశ్వాసమనీ అనటానికి ఆధారమే లేదు. మనోవికారాలు తమంతట తాము మంచివీ కావు, చెడ్డవీ కావు. బుద్ధి, సంకల్పం వాటితో కలిసినప్పుడే వాటికి నైతిక విలువ వస్తుందని 1992లో వెలువడిన కతోలిక శ్రీసభ సత్యోపదేశ గ్రంథం కూడా బోధిస్తున్నది.

పునీత అగుస్తీను గారు "దైవనగరం" తొమ్మిదవ భాగంలో ఒక పాత కథ చెబుతారు. ఔలస్ గెల్లియస్ అనే రచయిత రాసిపెట్టినది అది. సముద్రంలో పెనుగాలి. ఓడలో పేరున్న స్టోయిక్ తత్త్వవేత్త ఒకడున్నాడు. ఏ ఆపదకూ చలించరాదని బోధించే మతం వారిది. తుఫానులో అతని ముఖం తెల్లగా పాలిపోయింది. గాలి నిమ్మళించాక ఒక ధనవంతుడు, 'నేను చలించలేదు, తత్త్వవేత్తవు నీవు పాలిపోయావేమయ్యా' అని ఎగతాళి చేశాడు. తత్త్వవేత్త అతనికి ఓ చురక అంటించి పంపాడు. తరువాత గెల్లియస్ మర్యాదగా అడిగినప్పుడు సంచిలోంచి ఎపిక్టెటస్ బోధల గ్రంథం తీసి చూపించాడు. భయంకరమైనదేదైనా ఎదురైనప్పుడు మనసులో పుట్టే తొలి కదలిక జ్ఞానికైనా తప్పదు, అది అతని చేతిలో లేదు, ఆ కదలికకు బుద్ధి 'అవును' అనటం, అనకపోవటం మాత్రమే అతని చేతిలో ఉంది అని అందులో ఉన్నదట. అగుస్తీను గారు ఈ కథను ఊరికే చెప్పలేదు. పాలిపోయిన ముఖాన్ని చూసి లోపలి మనిషిని కొలవరాదని చెప్పటానికే చెప్పారు.

తత్త్వవేత్త సంగతి అలా ఉంచండి. గెత్సెమని తోటలో మన ప్రభువు సంగతి ఏమిటి? ఆయన కలతచెందాడని మార్కు రాశాడు. చెమట రక్తబిందువుల వలె నేలమీద పడిందని లూకా రాశాడు. ఆ చెమట అవిశ్వాసమా? మత్తయి సువార్తకు వ్యాఖ్య రాస్తూ పునీత జెరోము గారు, ఆ దుఃఖం ప్రభువు మనస్సును వశం చేసుకోలేదు, అది తొలి కదలిక మాత్రమే అన్నారు. దేహమున్న చోట తొలి కదలిక ఉంటుంది. దేవుని కుమారుడు నిజమైన దేహాన్నే ధరించాడు. దడతో బాధపడేవారిని చూసి 'విశ్వాసం చాలదు' అనే సోదరులు తోటలోని ఆ రాత్రిని ఒకసారి ధ్యానించటం మంచిది.

అయితే తొలి కదలిక మనది కాదన్నాక, మన వంతు అంటూ ఒకటి మిగులుతుంది. రోగిని ఓదార్చే తొందరలో దీన్ని దాచటం న్యాయం కాదు. పరీక్షలన్నీ అయి, నమ్మకమైన డాక్టరు అపాయం లేదన్న తరువాత కూడా, అవే పరీక్షల కోసం ఐదో ఆస్పత్రికి వెళ్ళి ఇంట్లో ఉన్న బంగారం కుదువ పెట్టేవారున్నారు. తనకు దడ వస్తుందని పిల్లలు నవ్వకూడదు, టీవీ పెట్టకూడదు, ఎవరూ ఊరికి పోకూడదు అని ఇల్లంతటినీ తన నాడి చుట్టూ తిప్పుకునేవారున్నారు. దీనికి విరుద్ధంగా, మాత్ర వేసుకోవటమే అవిశ్వాసమని పారవేసేవారూ ఉన్నారు. ఇవి జీర్ణకోశం చేసే పనులు కావు. ఇక్కడ బుద్ధి 'అవును' అన్నది. అయినా ఒక మాట: కొందరిలో భయమే జబ్బుగా ముదురుతుంది. అప్పుడు సంకల్పం చాలావరకు కట్టుబడిపోయి ఉంటుంది. వారికి మందలింపు కాదు, మానసిక వైద్యుని సాయం కావాలి. అందులో సిగ్గుపడవలసింది ఏదీ లేదు.

మాత్రలు పారవేసేవారు పౌలు గారు తిమోతికి రాసిన మొదటి లేఖ ఐదవ అధ్యాయం చూడాలి. తిమోతికి కడుపు జబ్బు, తరచు అనారోగ్యం. పౌలు గారు 'నీ విశ్వాసం చాలదు' అని రాయలేదు. కడుపు కోసం కొద్దిగా ద్రాక్షసారాయం తీసుకోమని రాశారు. (మన విచారణలో కొందరు మగవారికి బైబిలు మొత్తంలో ఈ ఒక్క వచనమే కంఠతా వచ్చు. వారికి మనవి: హెర్నియా ఉన్న కడుపుకు మద్యం మంట పెంచుతుంది.) వైద్యుని గౌరవించమనీ, అతణ్ణి కూడా దేవుడే సృష్టించాడనీ సీరా జ్ఞానగ్రంథం 38వ అధ్యాయం చెబుతుంది.

ఇంకొక అపాయం ఉంది. మన ఇళ్ళలో ఛాతీలో ఏమి వచ్చినా "గ్యాస్" అంటాం. సోడా తాగించి పడుకోబెడతాం. గుండెపోటు కూడా ఒక్కోసారి అచ్చం అలాగే ఉంటుంది. నొప్పి ఎడమ చేతికో, దవడకో పాకినా, చల్లని చెమటలు పట్టినా, ఆయాసం వచ్చినా, కళ్ళు తిరిగి పడిపోయినా హెర్నియా ఉన్నదిగదా అని ఊరుకోకూడదు. ఆ క్షణమే ఆస్పత్రికి తీసుకుపోవాలి. హెర్నియా ఉన్నవానికి గుండెజబ్బు రాకూడదన్న నియమమేమీ లేదు. పరీక్ష చేయించుకోకుండా ధైర్యంగా ఉండటం ధైర్యం కాదు.

ఈ పరీక్ష ఎవరికి దొరుకుతున్నదో కూడా చూడండి. ఇంటి యజమానికి దడ వస్తే ఆ రోజే ఇ.సి.జి. తీయిస్తారు. ఇల్లాలికి వస్తే "టెన్షన్ పడతావు, అందుకే" అంటారు. కోడలికి వస్తే నాటకం అంటారు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో 15–49 ఏళ్ళ స్త్రీలలో నూటికి 57 మందికి రక్తహీనత ఉంది. రక్తహీనత గుండె దడకు పేరుపొందిన కారణం. థైరాయిడ్ మరొకటి. రెండింటికీ రక్తపరీక్ష చాలు. ఆ పరీక్ష చేయించకుండా ఆమె విశ్వాసాన్ని పరీక్షించటం ఎంత అన్యాయం!

హెర్నియా ఉన్నవారికి డాక్టర్లు చెప్పేది ఇది: కొంచెం కొంచెంగా నాలుగైదు సార్లు తినండి, తిన్నాక రెండు మూడు గంటల వరకు పడుకోవద్దు, మంచం తలవైపు కాళ్ళ కింద ఇటుకలు పెట్టి ఆరేడు అంగుళాలు ఎత్తు చేయండి, తిన్నవెంటనే వంగి పనులు చేయవద్దు, బరువులు ఎత్తవద్దు. ఇప్పుడు మన ఇంటి తల్లిని తలచుకోండి. అందరికీ వడ్డించి, రాత్రి పదిన్నరకు మిగిలినది తింటుంది. వంగి గిన్నెలు తోముతుంది. వంగి వంటిల్లు తుడుస్తుంది. బిందె ఎత్తుతుంది. పదకొండింటికి నడుం వాలుస్తుంది, తెల్లవారి నాలుగింటికి లేస్తుంది. డాక్టరు గారి చీటీలో రాసిన ఒక్క మాటనైనా ఆమె పాటించగలదా? ఆమె గుండె తొలి కదలిక ఆమె చేతిలో లేదన్నాను. భోజనవేళ మాత్రం ఇంటిల్లిపాది చేతిలో ఉంది. ఏడున్నరకు అందరితోపాటు ఆమె పళ్ళెం కూడా పెట్టటం, గిన్నెలు మరొకరు తోమటం భర్తా పిల్లలూ తమ సంకల్పంతో చేయగలిగిన పనులు. కనుక నైతిక బాధ్యత అక్కడ ఉంది. కుటుంబ జపమాల తరువాత భోజనం అనే అలవాటున్న ఇళ్ళవారు జపమాలను కొంచెం ముందుకు జరుపుకోండి. మరియమ్మ తల్లి ఏమీ అనుకోదు.

తపస్సుకాలంలో మరొక సందేహం వస్తుంది. విభూది బుధవారం, పవిత్ర శుక్రవారం ఒక్కపొద్దు ఉండే బాధ్యత శ్రీసభ చట్టం ప్రకారం 18 ఏళ్ళు నిండినవారి నుంచి 59 ఏళ్ళు నిండేవరకే. జబ్బుపడినవారికి ఆ బాధ్యత లేదు. పగలంతా మంచినీళ్ళు కూడా ముట్టక, రాత్రి ఒక్కసారిగా కడుపునిండా తినటం శ్రీసభ అడిగినది కాదు. అడిగినది ఒక పూట పూర్తి భోజనం, మిగిలిన రెండు పూటలా స్వల్పాహారం. హెర్నియా ఉన్నవారికి ఆ రాత్రి భోజనమే తెల్లవార్లూ దడ తెచ్చిపెడుతుంది. వారు మరో విధంగా తపస్సు చేయవచ్చు. అలాగే దివ్యసత్ప్రసాదానికి ముందు గంటసేపు ఉపవాసం ఉండాలన్న నియమంలో మంచినీళ్ళకూ, మందులకూ మొదటినుంచీ మినహాయింపు ఉంది. వృద్ధులూ, రోగులూ, వారికి సేవచేసేవారూ ఆ గంటలోపు ఏదైనా తిన్నా లోకొనవచ్చునని 1983 నాటి చట్టం 919వ నియమం స్పష్టంగా చెబుతున్నది. పొద్దున పూజకు రావటం కోసం మాత్ర మానేయకండి.

ఇక రాత్రి రెండు గంటల సమయం. దడ మొదలైతే లేచి కూర్చోండి. రెండు గుక్కల నీళ్ళు తాగండి. నిదానంగా ఊపిరి తీసి, వదులుతూ మంగళవార్త జపం చెప్పుకోండి. నాలుగైదు జపాలయ్యేసరికి చాలాసార్లు గుండె తన దారిన పడుతుంది. పడకపోతే, లేదా నేను పైన చెప్పిన గుర్తుల్లో ఏ ఒక్కటి కనిపించినా, మొహమాటపడకుండా పక్కవారిని లేపండి. లేపబడినవారు "మళ్ళీ మొదలుపెట్టావా" అనకుండా, లైటు వేసి, పక్కన కూర్చోండి.