మంచం పక్కన ఒక పాట



సౌలు రాజు మనసు కలత చెందినప్పుడెల్లా దావీదు సితార వాయించేవాడనీ, రాజుకు ఊరట కలిగేదనీ సమూవేలు మొదటి గ్రంథం 16వ అధ్యాయం చెబుతుంది. పాట మనసుకు ఊరటనిస్తుందని మనందరికీ తెలుసు. మరి దెబ్బతిన్న మెదడుకు కూడా అది తోడ్పడుతుందా?

ఫిన్లాండు దేశంలోని హెల్సింకీలో టెప్పో సార్కామో అనే పరిశోధకుడు, ఆయన సహచరులు ఈ విషయం పరిశీలించి 2008లో ఫలితాలు ప్రకటించారు. పక్షవాతం వచ్చిన 60 మందిని మూడు జట్లుగా చేశారు. మొదటి జట్టువారు తమకిష్టమైన పాటలను రోజుకు కనీసం ఒక గంట చొప్పున రెండు నెలలు విన్నారు. రెండవ జట్టువారు చదివి రికార్డు చేసిన పుస్తకాలు విన్నారు. మూడవ జట్టుకు ప్రత్యేకంగా ఏమీ వినిపించలేదు. వైద్యం మాత్రం అందరికీ జరిగింది. మూడు నెలలకు చూస్తే, మాటలను గుర్తుంచుకునే శక్తి పాటలు విన్నవారిలో 60 శాతం, పుస్తకాలు విన్నవారిలో 18 శాతం, ఏమీ విననివారిలో 29 శాతం మెరుగైంది. ఏమీ విననివారికంటే పాటలు విన్నవారిలో దిగులు కూడా తక్కువగా కనిపించింది.

పాట వింటున్నప్పుడు వినికిడి, జ్ఞాపకం, ధ్యాస, భావాలు, కదలికలు వీటన్నిటికీ సంబంధించిన భాగాలు మెదడులో ఒక్కసారే మేల్కొంటాయి. పక్షవాతం వచ్చిన తొలి నెలలలోనే మెదడు ఎక్కువగా కోలుకుంటుంది. కనుక ఆ రోజులు ఎంతో విలువైనవి.

అయితే మన ఇళ్ళలో ఆ రోజులు ఎలా గడుస్తున్నాయి? వేళకు అన్నం పెడతాం, మందులిస్తాం, పక్క మారుస్తాం. తక్కిన సమయమంతా ఆ తండ్రి గోడవంక చూస్తూ పడుకుంటాడు. "ఆయనకేం తెలుస్తుంది లెండి" అని ఆయన ఎదుటే అంటాం. మాట పడిపోయినంత మాత్రాన మనిషి పోలేదు. ఒక్క మాట పెగలని కొందరు, తెలిసిన పాట ఎత్తుకుంటే పదాలతో సహా పాడగలుగుతారు.

ఇది అద్భుతమని చెప్పడం లేదు. అది కొద్దిమందిపై జరిగిన పరిశోధన. మందులు, వ్యాయామం, డాక్టరు సలహా ఏవీ మానకూడదు. వాటికి తోడుగా ఒక పాట చేరితే నష్టమేమీ లేదు.

కఫర్నాములో పక్షవాత రోగిని నలుగురు మోసుకువచ్చి, ఇంటి కప్పు విప్పి యేసుప్రభువు ముందు దించారు. ఆ రోగి నోట ఒక్క మాట కూడా మార్కు సువార్తలో కనబడదు. మోసుకువచ్చిన వారి విశ్వాసాన్నే ప్రభువు చూశారు. నోరులేని రోగికి ఇంటివారే నోరు, ఇంటివారే కాళ్ళు.

కాబట్టి ప్రియ విశ్వాసులారా, మీ ఇంట అటువంటివారుంటే వారికిష్టమైన పాటలేవో కనుక్కోండి. అది గుడిపాటే కానక్కరలేదు, పాత సినిమా పాటైనా సరే. మోత మోగించకుండా, మెల్లగా వినిపించండి. కాసేపు పక్కనే కూర్చోండి. సాయంత్రం జపమాల వేళ చాపను వారి మంచం దగ్గరే పరవండి.

వ్యాధిగ్రస్తుల ఆరోగ్యమైన మరియతల్లి వారికీ, వారికి సేవచేసే మీకూ తోడుగా ఉండునుగాక! ఆమెన్.