ముందు నీ ఇంట్లో వెలిగించు

చిరంజీవి స్టెల్లాకు, మేనత్త దీవెనలు.

నువ్వు పంపిన కొవ్వొత్తులు అందాయి. ఫిబ్రవరి 9 నుంచి జరిగే గుణదల తిరునాళ్లలో అమ్ముతానన్నావు, సంతోషం. అన్నింటినీ వెలిగించి చూశాను. ఇవి మాత్రం అమ్మొద్దు.

నీ ఉత్తరం నిండా మైనం మీద నిందలే. మైనం బాగానే ఉందమ్మా. నడిమధ్య గుంట పడటం దాని స్వభావం. చల్లారేకొద్దీ పారాఫిన్ కుంచించుకుపోతుంది. అంచులు ముందే గట్టిపడతాయి, ఇంకా వేడిగా ఉన్న నడిభాగం కిందికి దిగుతుంది. పైపొర కట్టాక వత్తి చుట్టూ పుల్లతో గుచ్చి, దాచుకున్న మైనం కరిగించి మరోసారి పోయాలి. నువ్వేమో తొందరపడి ఫ్రిజ్‌లో పెట్టావు. పగుళ్లు అందుకే వచ్చాయి. అచ్చు వదలకపోతే కాస్త స్టియరిక్ ఆమ్లం కలుపు.

అసలు చిక్కంతా వత్తిలో ఉంది. లావుపాటి తెల్లదానికి సన్నటి వత్తి వేశావు. మంట నడుమ బొరియ చేసుకుంటూ దిగి, చుట్టూ మైనం అలాగే మిగలగా, కరిగిన మడుగులో మునిగి ఆరిపోయింది. ఎరుపుదానికేమో మరీ లావు వత్తి. పొగ చిమ్మి, గంటలోపే కొడిగట్టింది. కొడి తీసేసి, వత్తిని పావు అంగుళానికి కత్తిరించినా పొగ తగ్గలేదు. అంటే వత్తి మార్చాల్సిందే. పైగా ఆ ఎరుపు పిల్లల క్రేయాన్లది కదూ? వాటి రంగుపొడి వత్తిలో ఇరుక్కుని మైనాన్ని పైకి ఎక్కనివ్వదు. మైనంలో కరిగే రంగు విడిగా దొరుకుతుంది, అదే కొను.

జడ అల్లిక నూలు వత్తి తీసుకో. కాలుతూ పక్కకు వంగి తన కొసను తానే కాల్చేసుకుంటుంది. 1820లలో ఫ్రాన్సులో ఆ అల్లిక వచ్చేదాకా కొవ్వొత్తి పక్కన కత్తెర ఉండాల్సిందేనట!

మైనం గిన్నెను నేరుగా మంట మీద పెట్టకు. వేడినీళ్ల గిన్నెలో ఉంచి కరిగించు. 60 డిగ్రీల దగ్గర కరిగేదానికి అది చాలు. నీటిచుక్క లోపల పడితే వత్తి చిటపటలాడుతుంది, జాగ్రత్త. మైనం అంటుకుంటే నీళ్లు మాత్రం పోయకు, మంట ఎగజిమ్ముతుంది. స్టవ్ ఆపి మూత పెట్టేయ్. ఈ మాట మీ తమ్ముడికీ చెప్పు.

నాకు నచ్చనిది ఒకటుంది. “చూడ్డానికి బాగుంటే చాలత్తా, అక్కడ చివరిదాకా ఎవరు చూస్తారు” అని రాశావు. మంచాన పడ్డ బిడ్డ కోసం మొక్కుకుని వచ్చిన తల్లి చూస్తుంది. మిగిలినవి ఇంటికి పట్టుకెళ్లి, కరెంటు పోయినప్పుడు పిల్లల పక్కన వెలిగిస్తారు కూడా. అందుకని ప్రతి రకంలో ఒకటి నీ ఎదుట పూర్తిగా కాలాలి. ఎంత మందానికి ఏ వత్తి నప్పిందో నోటుపుస్తకంలో రాసుకో. అలా కాల్చినదాన్ని నష్టం కింద లెక్కేయకు.

సగంలో ఆరిపోయేవాటిని తక్కువ ధరకు ఇచ్చేద్దామన్నావు. వద్దు. వత్తులు లాగేసి మళ్లీ కరిగించు.

మీ అత్తయ్య