అందుబాటు: దయా? ధర్మమా?

ఆళ్లగడ్డ శిల్పి ఉలి పట్టకముందే రాతిపై కొలతలు గీసుకుంటాడు. శిల్పశాస్త్రంలోని తాళమానం ప్రకారం శిరస్సుకూ బాహువులకూ పాదాలకూ ముందుగానే చోటు నిర్ణయమవుతుంది. చెక్కడం ముగిశాక మరచిన చేతిని అతికిస్తే అది అతుకుగానే మిగులుతుంది. వెబ్‌సైట్లను, మొబైల్ యాప్‌లను వికలాంగులకు అందుబాటులో ఉంచడమనేది మూలకొలతలోని అంశమా, తరువాత దయతో వేసే అతుకా అన్నదే ఇక్కడి నైతిక ప్రశ్న.

పాలనను ప్రజలకు చేరువ చేయాలన్న ఆశయంతో 2022 ఏప్రిల్ 4న నంద్యాల జిల్లా ఏర్పడింది. 2025 జనవరి 30న రాష్ట్ర ప్రభుత్వం ‘మన మిత్ర’ పేరుతో వాట్సాప్ ద్వారా పౌరసేవలను ప్రారంభించింది. కార్యాలయమే ఫోనులోకి వచ్చినప్పుడు దూరమనే మాటకు అర్థం మారుతుంది. ఆళ్లగడ్డలోని అంధుడొకరు నంద్యాలకు బస్సెక్కకుండానే ఏదో ఒక యాప్‌లో దరఖాస్తు చేసుకోబోయారనుకుంటే, ఆ యాప్‌లోని ఒక బటన్‌కు పేరు పెట్టకపోవడమే ఆయనను ఆపివేయగలదు. స్క్రీన్ రీడర్ అక్కడ బటన్ ఉందని పలుకుతుంది; అది దేనికో పలకలేదు. ఆయనను ఆపింది చూపులేమి కాదు, తయారీదారు ఉపేక్ష.

వాడేవారు కొద్దిమందే, ఖర్చు అధికమన్న వాదం ఒకటుంది. లబ్ధిదారుల సంఖ్యను బట్టి దయ కొలతలు మారవచ్చు, హక్కు మారదు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం ఎలక్ట్రానిక్ మాధ్యమాల సమాచారం కూడా అందుబాటు రూపంలో ఉండాలంటుంది. రాజీవ్ రతూరీ కేసులో 2024 నవంబరు 8న సుప్రీంకోర్టు, అందుబాటు ప్రమాణాలు ఐచ్ఛికాలు కారాదని తీర్పునిచ్చింది. కళ్లార్పి చూపమనే గుర్తింపు ప్రక్రియ కొందరికి అసాధ్యమన్న ప్రజ్ఞా ప్రసూన్ కేసులో, 2025 ఏప్రిల్ 30న, డిజిటల్ అందుబాటును జీవించే హక్కులో భాగంగా పరిగణించింది.

అయితే బాధ్యత ప్రభుత్వాలతోనూ సంస్థలతోనూ ముగియదు. యూనికోడ్ కాని ఫాంట్లలో కూర్చిన తెలుగు వ్యాసం కంటికి తెలుగే. దాని అడుగున ఉన్న సంకేతాలు మాత్రం తెలుగు అక్షరాలవి కావు. స్క్రీన్ రీడర్ దానిని అర్థంలేని ధ్వనులుగా వినిపిస్తుంది. స్కాన్ చేసి ఉంచిన పుట కేవలం బొమ్మ కనుక మౌనమే మిగులుతుంది. అంధ విద్యార్థికి తెలుగు సాహిత్య పరిశోధన అందకపోవడానికి కారణం భాష కాదు, ఆ భాషను భద్రపరిచిన పద్ధతి. ఆ పద్ధతిని ఎంచుకున్నవారిలో తెలుగు పండితులూ ఉన్నారు.

కనుక యూనికోడ్‌లో రాయడం, బొమ్మకు మాటల్లో వివరణ జోడించడం, బటన్‌కు పేరు పెట్టడం ఉపకారాలు కావు; రచనలోనే ఇమిడి ఉండవలసిన కొలతలు. పాఠకుణ్ణి చేరడమే రచన ధర్మమైతే, కొందరిని ముందే మినహాయించిన రచన ఆ మేరకు అసంపూర్ణం.